తాళాలబ్బాయి జవాబులు

మా ఆఫీసులో చదివేవాళ్ళు తియ్యరు, తీసేవాళ్ళు చదవరు. ఎనిమిదేళ్ళుగా నేను తీసే మనిషిని.

ఇదేం ఉద్యోగం అని అడిగేవాళ్ళకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది కాబట్టి ఇక్కడ ఒక్కసారే చెప్తాను. ఇంటర్నెట్‌లో మూతపడిపోయిన పాత సైట్లు, చర్చావేదికలు, బ్లాగులు, వాటన్నిటికీ నకళ్ళు తీసి, ఎవరైనా ఎప్పుడైనా చూసుకునేలా దాచిపెట్టే సంస్థ మాది. జనం రాసింది జనానికే ఉండాలని పెద్దవాళ్ళెవరో తీర్మానించారు. బాగానే ఉంది. కానీ రాసినవాళ్ళకి పదేళ్ళు తిరిగేసరికి బుద్ధి మారుతుంది. పిల్లలు ఎదుగుతారు, ఉద్యోగాలు పెద్దవవుతాయి, ప్రేమలు చల్లారతాయి. "అయ్యా, నేను రాసిన ఫలానా ముక్క తీసెయ్యండి" అని మా కాళ్ళావేళ్ళా పడతారు. అలాంటి వినతులు రోజుకి యాభై, అరవై వస్తాయి. వాటికోసం రెండో అంతస్తులో మెట్ల పక్కన నాలుగు బల్లలు పట్టే గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు ఏసీల వేడిగాలి మొహాన కొడుతుంది కాబట్టి ఎవరూ తెరవరు.

ఒకాయన ఏదో హోటల్లో తిండి పశువులు కూడా ముట్టవని పదేళ్ళ కిందట రాశాడు. తర్వాత ఆ హోటలు యజమాని కూతుర్నే చేసుకున్నాడు. "మామగారు కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, త్వరగా కానివ్వండి" అని రోజుకో ఉత్తరం. ఇంకొకావిడ కాలేజీ రోజుల్లో రాసిన కవితలు నలభై ఆరు తియ్యమంది. తీశాం. మర్నాడు మళ్ళీ పెట్టమంది. పెట్టడం మా వల్ల కాదు. ఒకసారి తీస్తే ఎక్కడెక్కడ నకళ్ళున్నాయో అన్నీ వెతికి మరీ చెరిపేస్తుంది మా మిషను. ఆవిడ ఫోన్లో వెక్కివెక్కి ఏడుస్తుంటే నేను రెండో చేత్తో తర్వాతి ఫైలు తెరిచాను.

రాతిగుండె అనుకోకండి, ఏర్పాటే అలాంటిది. రాత మొత్తం చదవడం ప్రూఫ్‌రీడరు గారి పని. ఆయన ఒకప్పుడు పత్రికలో అచ్చుతప్పులు దిద్దేవారు. చదివి, ఒక్క వాక్యంలో సారాంశం రాసి నాకు పంపుతారు. అడిగిన మనిషీ రాసిన మనిషీ ఒకరేనా అని తేల్చుకుని నేను తీసేస్తాను. చదివితే జాలో కోపమో పుడుతుంది. జాలి పుడితే చెయ్యి ఆగుతుంది, కోపం పుడితే తొందరపడుతుంది. అందుకని ఇద్దర్ని పెట్టారు.

పద్నాలుగు నెలల కిందట మా తమ్ముడు పోయినప్పటి నుంచీ ఈ ఏర్పాటు నాకు మరీ నచ్చింది. ఏదీ చదవక్కర్లేదు, ఏదీ అనిపించక్కర్లేదు.

వాడు తాళాలు బాగుచేసేవాడు. రోడ్డు మలుపులో, మంచం పట్టేంత కొట్టు, గోడనిండా వేలాడే తాళంచెవులు. అమ్మ జబ్బుపడినప్పుడు ఇద్దరం వంతులేసుకుని ఆస్పత్రిలో కూర్చున్నాం. ఒకరోజు నా వంతుకి వెళ్ళేసరికి మంచం ఖాళీ. ఇంటికెళ్ళిపోతానని అమ్మ అడిగిందట, వీడు నాతో ఒక్కమాట కూడా అనకుండా తీసుకెళ్ళిపోయాడు. నాలుగో రోజు అమ్మ పోయింది. ఇంటినిండా జనం ఉండగా వాడి మొహం మీదే అన్నాను, "అమ్మని నువ్వే చంపావురా" అని. వాడు నోరెత్తలేదు. అంతే, ఆ తర్వాత మాటల్లేవు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, దాదాపు ఆరేళ్ళు. ఒకే ఊళ్ళో, రెండు బస్టాపుల దూరంలో. నేను వాడి కొట్టు కనపడకుండా వెనక వీధిలోంచి తిరిగి వెళ్ళేదాన్ని.

జ్వరంతో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. తొమ్మిదో రోజు పొద్దున మా మరదలు ఫోన్ చేసి, "వదినా, ఒకసారి రండి" అంది. ఆ గొంతులోనే తెలిసిపోయింది. వెళ్ళాను. అందరూ ఏడుస్తున్నారు. నేను వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాను, మంచినీళ్ళిచ్చాను, చెప్పులు అడ్డంగా ఉంటే పక్కకి సర్దాను. ఏడుపు రాలేదు. మా ఆయన భయపడి డాక్టరుకి చూపించాడు. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. నిద్ర నాకు ముందునుంచీ బాగానే పట్టేది.

ఇక అసలు సంగతి. మొన్నీమధ్య ప్రూఫ్‌రీడరు గారు కంటి ఆపరేషన్ చేయించుకుని పదిహేను రోజులు సెలవు పెట్టారు. ఆయన బదులు ఇంకో మనిషిని ఇస్తానన్న మేనేజరు, అలవాటు ప్రకారం ఇవ్వలేదు. నాకంటే పదేళ్ళు చిన్న. పని తప్పించుకోవాలంటే గౌరవం పెంచుతాడు.

"మేడం, ఈ పదిహేను రోజులూ మీరే చదివి మీరే తీసెయ్యండి. మీకంటే అనుభవం ఎవరికుంది?"

"చదవడం నా పని కాదు."

"పైపైన చూడండి చాలు మేడం."

పైపైన చూస్తూ నెట్టుకొచ్చాను. మంగళవారం మధ్యాహ్నం ఒక ఫైలు వచ్చింది. ఎర్ర గుర్తు ఉంది దానిమీద. ఎర్ర గుర్తంటే అడిగిన మనిషికి ఏదో ప్రమాదం ఉందని. అలాంటివాటిని వినతి రాగానే బయటివాళ్ళకి కనపడకుండా మూసేస్తాం, ఆ తర్వాత నిదానంగా తీస్తాం. రాసింది ఒకావిడ. ఆరేళ్ళ కిందట, ఇంట్లో సొంతంగా మరమ్మతులు చేసుకునేవాళ్ళ చర్చావేదిక ఒకటుండేది, అందులో ప్రశ్న అడిగింది. ఇప్పుడెందుకు తియ్యమంటోందో కూడా రాసింది. ఆర్నెల్ల కిందట మా వాళ్ళు గొప్పకి పోయి, ఈమెయిల్ అడ్రసు కొడితే ఆ అడ్రసుతో రాసినవన్నీ బయటపడే సదుపాయం ఒకటి పెట్టారు. వాళ్ళాయన ఈమధ్య ఆవిడ ఎప్పుడెక్కడ ఏం రాసిందా అని వెతుకుతున్నాడట. నెలాఖరుకి ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోవాలని అన్నీ సిద్ధం చేసుకుంటోంది. అప్పటిదాకా ఇది అతని కంట పడకూడదు. చివర్లో ఇలా రాసింది: "పాత అడ్రసుకి దయచేసి ఏమీ పంపకండి. అది ఆయనే చూస్తారు. ఈ కొత్త అడ్రసు నా స్నేహితురాలిది."

పాత అడ్రసు వాడలేనివాళ్ళని ఇంకో రకంగా పరీక్షిస్తాం. రాసినవాళ్ళకి తప్ప తెలియని సంగతి ఒకటి చెప్పాలి. తలుపు రంగు మొదట నీలం అని రాసి, పది నిమిషాలకి ఆకుపచ్చ అని దిద్దానని చెప్పింది. మా నకళ్ళలో చూస్తే అలాగే ఉంది. సందేహం లేదు, ఆవిడే. ఇక తియ్యడానికి నాకు అర నిమిషం పని.

సారాంశం రాయాలి కాబట్టి కిందికి చూశాను. ఆవిడ వేదికలో తన పేరు "చిన్నగది" అని పెట్టుకుంది. ప్రశ్న చిన్నదే. మూడో అంతస్తులో ఇల్లు, అందులో ఒక చిన్న గది, ఆ గదికి లోపలివైపు గడియ లేదు. గడియ పెట్టుకోవాలి. బయటినుంచి చూస్తే తెలియకూడదు. పెట్టేటప్పుడు చప్పుడు కాకూడదు. ఇంట్లో డ్రిల్లు లేదు, ఆవిడకి స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా రాదు. మధ్యాహ్నం రెండు గంటల సమయం ఉంటుంది. దాని కింద పదకొండు జవాబులు. పదకొండూ ఒక్కడే రాశాడు. వాడి పేరు "తాళాలబ్బాయి".

అప్పటికి నాకేం అనుమానం రాలేదు. లోకంలో తాళాలబ్బాయిలు బోలెడుమంది. చదవసాగాను.

"డ్రిల్లు అక్కర్లేదండీ. సన్న మేకు ఒకటి తీసుకోండి. గడియ పెట్టాల్సిన చోట కొద్దిగా దిగేలా కొట్టి పీకెయ్యండి. ఆ కంతలో స్క్రూ తేలిగ్గా దిగుతుంది. స్క్రూకి కాస్త సబ్బు రాస్తే ఇంకా తేలిక. సుత్తికి గుడ్డ చుట్టండి, చప్పుడు రాదు. స్క్రూ పొడుగు తలుపు మందం కంటే తక్కువుండాలి, లేకపోతే అవతలికి మొన కనపడుతుంది."

ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న లేదు. ఆవిడ స్క్రూ వంకరపోయిందని రాస్తే వీడు రాశాడు: "పర్లేదండీ. నేను పని నేర్చుకునేటప్పుడు ఒక తలుపు మొత్తం నాశనం చేశాను. అది మా అక్క గది తలుపు. తను పాత రాతలు దాచే ఆఫీసులో పనిచేస్తుంది, ఏదీ మర్చిపోదు. ఆ తలుపు సంగతి ముసలయ్యాక కూడా ఎత్తి పొడుస్తుంది చూడండి."

ఆ తలుపు నాదే. పదహారేళ్ళ వెధవ, నా గది తలుపుకి పదమూడు కంతలు పెట్టాడు. ఆ తలుపుకి తువ్వాలు కట్టుకుని చదువుకున్నాను ఒక వేసవంతా.

తొమ్మిదో జవాబు దగ్గర వాడు మొదటిసారి గడియ సంగతి కానిది అడిగాడు. గడియ పెట్టేసుకుంది ఆవిడ, బాగానే పడుతోందని రాసింది. దానికి వీడు: "మంచిదండీ. గడియ మంచిదే గానీ గడియ ఒక్కటే చాలదు. ఎవరికైనా చెప్పారా? మా అక్కతో నాకు ఏడాదిగా మాటల్లేవు. తప్పు నాదే. అయినా నాకేదన్నా అయితే ముందు తనకే చెప్తాను. మీకూ అలాంటి మనిషి ఒకరుంటారు. ఆ మనిషికి చెప్పండి."

కుర్చీలోంచి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ చదివాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు నాకే చెప్పేవాడివైతే ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఏం చేశావురా? ఫోన్ లేదా? నర్సులు లేరా? పక్క మంచం వాడు లేడా? ఇలా లోపల లోపల తిట్టాను. వాడిమీద పద్నాలుగు నెలల్లో నాకు వచ్చిన మొదటి భావం అది. పోగొట్టుకోవాలనిపించలేదు.

ఆవిడ ప్రశ్న తీసి వాడి జవాబులు ఉంచడం కుదురుతుందా అని చూశాను. కొందరివి అలా విడదీస్తాం. కానీ వీడు ఆవిడ రాసిన ఒక్కో వాక్యాన్నీ పైకెత్తి మళ్ళీ రాసి దానికింద జవాబిచ్చే రకం. అంతస్తు, గది, తలుపు రంగు, మధ్యాహ్నం వేళ, అన్నీ వాడి రాతలోనూ ఉన్నాయి. విడదియ్యడం కుదరదు. తీస్తే రెండూ పోవాలి.

అప్పుడు ఆ పాడుపని చేశాను. "తీసివేత" నొక్కాల్సినదాన్ని "నిలుపుదల" నొక్కాను. కారణం రాయాలి అక్కడ. "జవాబులు రాసిన వ్యక్తి హక్కులు కూడా పరిశీలించవలసి ఉన్నది" అని రాశాను. ఎంత పెద్దమాటో చూడండి. బయటివాళ్ళకి ఎలాగూ కనపడదు, మూడు రోజులు నా దగ్గరుంటే ఎవరి సొమ్మేం పోయింది, అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మంగళ, బుధ, గురువారాలు రోజూ నాలుగైదుసార్లు అది తెరిచి చదివాను. ఫోన్లు లోపలికి తేనివ్వరు, ఫొటో తీసే వీల్లేదు. కాగితం మీద రాసుకోవచ్చు, చూసేవాళ్ళెవరూ లేరు. రాసుకోలేదు. మూసిన ఫైలు నకలు తీసుకోవడం తప్పని రూల్సులో ఉంది, నేను రూల్సు తప్పే మనిషిని కాను! ఒకావిడ వినతిని తొక్కిపెట్టడం మాత్రం నాకు తప్పుగా తోచలేదు. నా నిజాయితీ అలాంటిది. అదీగాక, కావాలంటే మళ్ళీ తెరిచి చూసుకోవచ్చు కదా, రాసుకోవడం దేనికి అనుకున్నాను.

గురువారం సాయంత్రం మరదలికి ఫోన్ చేశాను. "వాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు చెప్పమన్నాడా?" అని అడిగాను.

"మిమ్మల్ని పిలుద్దామని నేనే అన్నాను వదినా. 'తగ్గాక నేనే వెళ్తాను, ఇలా మంచంలో ఉండి పిలిస్తే జాలిపడి వచ్చినట్టుంటుంది' అన్నారు. తగ్గుతుందనే అనుకున్నాం."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు కదా" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఫోన్ పెట్టేసి అన్నం తిన్నాను.

శుక్రవారం పొద్దున్నే తీసేద్దామని నిర్ణయించుకునే వెళ్ళాను. నిజంగానే. కానీ బ్యాగు బల్లమీద పెట్టేలోపే బల్లమీది ఫోన్ మోగింది.

"చిన్నగది ఫైలు చూసేది మీరేనా అండీ?" ఆడగొంతు. మెల్లగా, తూచి తూచి మాట్లాడుతోంది.

"నేనేనండీ."

"మీరు పాత అడ్రసుకి ఉత్తరం పంపారు."

"లేదండీ, మేం పంపం. మీరు వద్దన్నారు కదా" అన్నాను. అంటూండగానే మంగళవారం నిలుపుదల నొక్కిన సంగతి గుర్తొచ్చింది.

నిలుపుదల నొక్కినప్పుడు కింద చిన్న గడి ఒకటి ఉంటుంది. "రాసినవారికి తెలియజేయుట" అని. అందులో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఎర్ర గుర్తు ఫైళ్ళకి ఆ టిక్కు తీసేసి నొక్కాలి. తియ్యకపోతే మిషను తనంతట తాను పాత అడ్రసుకి ఉత్తరం రాస్తుంది, మీ వినతి నిలుపుదలలో ఉంది, ఇది మీ రాతేనా అని. ఏ రాతో తెలియాలి కదా, అందుకని రాత మొత్తం కింద జతచేసి మరీ పంపుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఆ గడి చూపించి జాగ్రత్తలు చెప్పేది నేనే. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి మర్చిపోలేదు. మంగళవారం నా కళ్ళు వాడి పేరు మీదే ఉన్నాయి.

"ఎప్పుడు చూశారు ఆయన?" అన్నాను.

"బుధవారం. ప్రింటు తీసి తెచ్చి నా ముందు పెట్టారు. 'ఆరేళ్ళుగా నా ఇంట్లో నాకు తెలియకుండా గడియా?' అన్నారు. ముందు గడియ ఊడబీకారు." అదే గొంతుతో అంది: "ఎడమచెయ్యి విరిగిందండీ. కట్టు కట్టారు. ఇప్పుడు పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. నా సర్టిఫికెట్లు, బట్టలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. సిద్ధం చేసుకున్న సంచి కూడా. ఆ కాగితం మా వాళ్ళందరికీ చూపిస్తున్నారట, 'మీ అమ్మాయి ఎవడితోనో ఎలా మాట్లాడిందో చూడండి' అని."

క్షమించండి అన్నాను. ఆ మాట ఎంత పల్చగా ఉందో నాకే వినపడింది.

"క్షమించడం సంగతి తర్వాత. ఒక్కటి చెప్పండి. అన్నీ సరిగ్గా రాసిచ్చాను కదా, తలుపు రంగుతో సహా. ఎందుకు ఆపారు?"

నీళ్ళు నమలొచ్చు. మిషను పొరపాటు అనొచ్చు, హక్కుల పరిశీలన అనొచ్చు. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆవిడ తిట్టడం లేదు, ఏడవడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది.

"తాళాలబ్బాయి మా తమ్ముడండీ" అన్నాను. "వాడి రాతలు ఇంకో రెండ్రోజులు చూసుకుందామని ఆపాను."

ఆవిడ వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"మీరా ఆ అక్క?"

"నేనే."

"ఆయన బాగున్నారా?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ. తెలిసినవాళ్ళందరికీ తెలుసు, తెలియనివాళ్ళకి అవసరం లేదు. "లేడండీ" అన్నాను. "పోయాడు. పద్నాలుగు నెలలైంది."

ఆవిడ ఏడ్చింది. చెయ్యి విరిగిందని చెప్పినప్పుడు వణకని గొంతు ఇప్పుడు పూర్తిగా పోయింది. ముక్కూమొహం తెలియని మనిషి, నా మూలంగా ఇల్లూవాకిలీ లేకుండా కూర్చున్న మనిషి, మా వాడికోసం ఫోన్లో పొగిలిపొగిలి ఏడుస్తోంది. తోడబుట్టినదాన్ని నేను రిసీవరు పట్టుకుని వింటున్నాను. నాకు సిగ్గేసింది. ఇంకేం వెయ్యలేదు, సిగ్గొక్కటే.

కాసేపటికి ముక్కు తుడుచుకుని అంది: "ఆయన నాకు జవాబు రాయడానికి ఒక్కపూట కూడా ఆపలేదండీ. నాకుండేది రెండు గంటలే అని తెలుసు కదా. కొట్లో బేరం వదిలేసి రాసేవారేమో. నేను అడిగిన పది నిమిషాలకే వచ్చేది."

నేను ఫైలు తెరిచాను.

"తీసెయ్యండి ఇంక. నేను లైన్లోనే ఉంటాను."

"మీకు ఒక కాపీ కావాలంటే..." అన్నాను. రూల్సు మనిషిని, ఆ రోజుకి రూల్సు గంగలో కలిశాయి.

"నాకెందుకండీ, నాకు కంఠతా వచ్చు. ఇంట్లో మళ్ళీ తెరిచి చూసుకునే వీలుండేదా? అందుకని వచ్చింది వచ్చినట్టు బట్టీ పట్టేదాన్ని, ఎక్కాలు బట్టీ పట్టినట్టు. మీరు తీసెయ్యండి."

తీశాను. మిషను పదకొండు జవాబులూ, ప్రశ్నా, పంపిన ఉత్తరం నకలూ, అన్నీ వెతికి చెరిపి "పూర్తయినది" అని చూపించింది. ఆ విషయంలో అది చాలా నిక్కచ్చి. అయిందండీ అని చెప్పాను. "సరే" అని పెట్టేసింది. థాంక్స్ అనలేదు. అంటే నేను భరించలేకపోయేదాన్ని.

అప్పుడే లేచి వెళ్ళి మేనేజరుకి జరిగిందంతా చెప్పాను. అతను వింటూ వింటూ పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసి, చివరికి, "మేడం, మీరు మీ తమ్ముడని నాతో చెప్పి ఉంటే ఫైలు ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు. నిజమే. ఆ గదిలో నాలుగేళ్ళలో అతను అన్న తెలివైన మాట అదొక్కటే. సర్టిఫికెట్లు తెప్పించుకోవడానికి ఆవిడకి ఆఫీసు తరఫున వకీలుని పెట్టాలని పట్టుబట్టాను. పెట్టారు. నామీద మెమో రాశారు. రాయకపోతే నేనే రాయించుకునేదాన్ని. వినతుల గదిలోంచి తీసేసి కింది అంతస్తులో వేశారు.

ఇప్పుడు నా పని పాత పత్రికల అట్టలు ఫొటో తియ్యడం. ప్రూఫ్‌రీడరు గారు కళ్ళు బాగుపడి తిరిగొచ్చారు. మెట్ల దగ్గర కనపడితే పలకరిస్తారు, కారణం అడగరు. పెద్దమనిషి.

నిన్న భోజనాల వేళ ఒక తెల్లకాగితం ముందేసుకుని వాడి జవాబులు రాయడం మొదలుపెట్టాను. మేకు వచ్చింది. సబ్బు, సుత్తికి గుడ్డ, స్క్రూ పొడుగు, అన్నీ వచ్చాయి. నా తలుపు సంగతి వచ్చింది. తొమ్మిదోదాని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఏడాదిగా మాటల్లేవన్నాడు, అది ఖాయం. ముందు తనకే చెప్తానన్నాడు, అదీ ఖాయం. మధ్యలో "తప్పు నాదే" అన్నాడని మీకు చెప్పాను చూశారూ, ఆ ముక్క వాడు రాసిందో, మూడు రోజులు చదివీ చదివీ నేను కలుపుకున్నదో తెలియడం లేదు. ఒక్కోసారి కళ్ళకి కట్టినట్టుంటుంది. ఒక్కోసారి ఆ చోట ఏమీ లేదనిపిస్తుంది. "తప్పు ఎవరిదైతేనేం" అని ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. వాడు అమ్మని తీసుకెళ్ళడం తప్పని వాడికి ఎప్పుడైనా అనిపించిందా, లేక అమ్మ అడిగింది చేశానని నిబ్బరంగానే ఉన్నాడా, నాకు తెలిసే దారి ఆ ఒక్క మాటే. నిబ్బరంగా ఉంటేనే బాగుండునని ఇప్పుడనిపిస్తోంది. ఎలా ఉన్నా సరే, నాకు తెలియాలి. కాగితం మీద ఆ మేర ఖాళీ వదిలి, మిగతాది రాసి, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. అట్టలు తడవకుండా పక్కకి జరిగి కూర్చున్నాను.

వాడు రాసింది ఇప్పుడు రెండు చోట్లే ఉంది. ఒకటి ఆ మొగుడి దగ్గర, ఆ ఉత్తరంలోనూ ప్రింటులోనూ. రెండోది ఆవిడ మనసులో. ఆవిడ నంబరు ఈ నెలాఖరుదాకా మా ఫైల్లో ఉంటుంది, నాకు నోటికొచ్చు కూడా. ఫోన్ చేసి అడిగితే అక్షరం పొల్లుపోకుండా చెప్తుంది. చెయ్యి నొప్పిగా ఉన్నా, ఒక్కపూట కూడా ఆపకుండా అప్పటికప్పుడే చెప్తుంది. అందుకే అడగలేకపోతున్నాను.